‘రేపు రా’ అని రాసిపెట్టిన పనులు: ఏ పనికి ఏ ఉపాయం?

మా చిన్నప్పుడు ఇళ్ళ తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. రాత్రి తలుపు తట్టే దయ్యం అది చదువుకుని వెళ్ళిపోతుందని, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుంటుందని నమ్మకం. ఆ దయ్యానికి తెలుగు వచ్చా, ఒడియా వచ్చా అని పర్లాకిమిడిలో పిల్లలం వాదించుకునేవాళ్ళం. ఇప్పుడు తలుపుల మీద ఆ రాత కనిపించదు. మన పనుల మీద మాత్రం అలాగే ఉంది.

నాది జిరాక్సు, ఆన్‌లైన్ ఫారాల షాపు. మా ఊరు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. బండి మీద కాస్త దూరం పోతే పాతపట్నం, అంటే ఆంధ్రా. దరఖాస్తుకు నెల రోజులు గడువిస్తే మొదటి ఇరవై రోజులూ నేను షాపులో ఈగలు తోలుకుంటాను. ఆఖరి రోజు సాయంత్రం మెట్ల మీద చెప్పులు పట్టవు. “బాబూ, ఈవేళే ఆఖరా? నిన్ననే వద్దామనుకున్నాను” అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అలాగని నవ్వుకునే మొహం కాదు నాది. మా నాన్న పోయాక ఆయన పేరున ఉన్న పట్టా మా పేర్లకు మార్పించుకునే పనిని నాలుగేళ్ళు నాన్చాను. అందరి కాగితాలూ దిద్దేవాడి ఇంట్లో కాగితం అది.

ఒడియాలో ‘కాలి’ అంటే రేపు, ‘కాలి’ అంటే నిన్న కూడా. ఏ అర్థమో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. పట్టా పని ఎప్పుడవుతుందని అమ్మ అడిగితే నేను “కాలి” అనేవాణ్ణి. “నిన్ననా, రేపా? ఏటో ఒకటి తేల్చి చెప్పరా” అని ఆవిడ దెప్పేది.

ఆ నాలుగేళ్ళలో వాయిదా మానడానికి జనం చెప్పే ఉపాయాలన్నీ నా మీద, షాపుకొచ్చేవాళ్ళ మీద ప్రయోగించి చూశాను. ఏదీ అన్ని పనులకూ పనికిరాదు. జ్వరానికిచ్చే మాత్ర పంటి నొప్పికి వేస్తే ఏమవుతుందో, ఒక పనికి కుదిరిన ఉపాయాన్ని ఇంకో పనికి వాడితే అదే అవుతుంది. అందుకే ఉపాయాన్ని మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి ఎంచుకోమంటాను.

ముందు ఇది బద్ధకం కాదని ఒప్పుకోండి

మా ఊరు కొమ్ము బొమ్మలకు పేరు. గేదె కొమ్ముతో కొంగలు, దువ్వెనలు, దీపాలు చేస్తారు. ఆ పని చేసే పెద్దాయన ఒకరు మా షాపుకు వస్తుంటారు. ఒక్కో కొంగ మెడ ఒంపు కోసం రోజుల తరబడి రాస్తూ, నునుపు చేస్తూ కూర్చోగలరు. అంత ఓపిక గల మనిషి, మేళాలో స్టాలు కోసం పెట్టుకోవలసిన రెండు పేజీల దరఖాస్తును రెండేళ్ళు వరసగా వదిలేసుకున్నారు. బద్ధకమే అయితే ఆ కొంగ ఎలా తయారైంది?

మనస్తత్వ శాస్త్రవేత్తలు టిమోతీ పిచిల్, ఫుషియా సిరోయిస్ 2013లో రాసినదాంట్లో ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. వాయిదా వేయడం వేళలు కుదుర్చుకోవడం చేతకాక వచ్చేది కాదు, మనసును కుదుటపరచుకోవడానికి మనం చేసే పని అంటారు వాళ్ళు. పని తలుచుకోగానే భయమో, విసుగో, సిగ్గో, దిగులో వస్తుంది. రేపు చేద్దామనుకోగానే ఆ బరువు దిగిపోతుంది. మనం వాయిదా వేసేది పనిని కాదు, ఆ బరువును. కొత్త క్యాలెండరు కొనుక్కున్నంత మాత్రాన ఇది తీరదు.

కాబట్టి ఉపాయాలు చూసేముందు, పని పేరు తలుచుకోగానే మీకు కలిగేది ఏమిటో చూసుకోండి. విసుగా, భయమా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని తికమకా, లేక గుర్తే ఉండకపోవడమా? ఈ నాలుగింట్లో ఏదో ఒకటి అయివుంటుంది. ఒక్కోసారి రెండు కలిసి ఉంటాయి.

టైమరు పద్ధతి, వేళ కట్టే పద్ధతి

ఎక్కువమంది మొదట పట్టుకునేది టైమరు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే విద్యార్థి చదువు సాగక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమరు తిప్పి ముందు పెట్టుకున్నాడు. ఇటాలియన్‌లో పొమొదోరో అంటే టమాటా, పద్ధతికి ఆ పేరే నిలిచిపోయింది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. అలా నాలుగుసార్లయ్యాక పావుగంట నుంచి అరగంట వరకు పెద్ద విరామం.

విసుగు పుట్టించే పనికి దీన్ని మించింది లేదు. పరీక్ష చదువు, షాపు లెక్కలు, జాకెట్లకు చేతి కుట్టు లాంటివి, అంటే ఏం చేయాలో తెలిసి కూర్చోలేకపోయే పనులన్నమాట. ఉద్యోగ పరీక్షకు చదువుతున్న మా వీధి అమ్మాయి దీంతోనే గాడిన పడింది. నా దగ్గర మాత్రం ఫెయిలైంది. షాపులో 25 నిమిషాలు ఎవరూ పిలవకుండా ఉండడమంటే ఆ రోజు బేరం లేనట్టే. ఇంకో చిక్కు, ఫోనులో టైమరు పెడితే దాన్ని ఆపడానికి ఫోను తీస్తాం, తీశాక వాట్సాప్ చూస్తాం, మిగతాది మీకు తెలుసు. రెండొందలు పెట్టి తిప్పే టైమరు కొనుక్కుంటే మంచిది. కొత్తవాళ్ళు 25తో కాకుండా పదితో మొదలుపెట్టండి. కుక్కరు మూడు విజిల్స్ వేసేంతసేపు చదివినా చదివినట్టే.

భయం ఉన్న పనికి టైమరు దండగ. నాన్న పట్టా విషయంలో నేను టైమరు పెట్టుకుని 25 నిమిషాలు ఖాళీ ఫైలు కేసి చూస్తూ కూర్చున్నాను. గంట మోగింది. టీ తాగడానికి వెళ్ళాను.

గుర్తుండని పనులకు, రోజూ కొంచెం కొంచెంగా చేయాల్సిన పనులకు వేళ కట్టే పద్ధతి మేలు. జర్మనీకి చెందిన పీటర్ గోల్‌విట్జర్ దీని మీద చాలాకాలం పరిశోధన చేశారు. ‘చదవాలి’ అనుకోవడం వేరు, ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముందే ముడివేసుకోవడం వేరు అంటారాయన. పాస్కల్ షీరన్‌తో కలిసి 2006లో ఆయన 94 పరిశోధనలను పోగేసి చూస్తే, ముడివేసుకున్నవాళ్ళు అనుకున్న పని చేయడంలో గట్టి తేడాయే కనిపించింది.

ఈ ముడి వేయడంలో ఒక కిటుకుంది. ఎటూ జరిగే పనికే ముడివేయాలి. ‘తీరిక దొరికితే’ అన్నది ముడి కాదు, తీరిక దొరకదు. ‘ఉదయం ఆరింటికి’ అన్నది కూడా బలహీనమే, ఆరింటికి మెలకువ రావాలిగా. నాది ఇలా ఉండేది: షట్టరు తీసి అగరొత్తి వెలిగించగానే, మిషన్లు వేడెక్కేలోపు ఒడియా పేపర్లో ఒక వార్త పైకి చదవాలి. తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, మాట్లాడడం వచ్చినా చదవడం తడబాటు. ఇంట్లో ఈ ముడి నిలవలేదు. అగరొత్తి దగ్గర కట్టాక తెగలేదు.

డబ్బు ఖర్చు లేని ఉపాయం కాబట్టి ఒకేసారి ఆరేడు ముళ్ళు వేసుకోవాలనిపిస్తుంది. వద్దు. ఒకటి, మహా అయితే రెండు.

రెండు నిమిషాల్లో అయిపోయే పనిని వెంటనే చేసేయమనే సలహా కూడా వినే ఉంటారు. కరెంటు బిల్లుకు, ఫోను రీచార్జికి సరిపోతుంది. పెద్ద పనికి దాంతో సంబంధం లేదు. పైగా చిన్న పనులు చేసుకుంటూ పోయి పెద్దదాన్ని తప్పించుకునే వీలు కల్పిస్తుంది.

తోడు పెట్టుకోవడం

నా ఓటు దీనికే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

సరిహద్దు ఊళ్ళలో తెలుగువాళ్ళ వాయిదాల్లో పెద్ద భాగం భాష దగ్గర మొదలవుతుంది. బయటివాళ్ళకు ఇది కనిపించదు. ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది, పర్లాకిమిడి అప్పుడే ఇటు వచ్చింది. తరాలు గడిచాయి. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు, రెండూ కలిపిన మా మాట ఒకటి. కానీ పట్టా ఒడియాలో ఉంటుంది, నోటీసు ఒడియాలో వస్తుంది. అరవై దాటిన మా పిన్నిలాంటివాళ్ళు కూరగాయల బేరం ఒడియాలో దర్జాగా ఆడతారు, అదే కౌంటరు దగ్గర నోరు పెగలదు. “తప్పు మాట్లాడితే నవ్వుతారేమో” అన్న జంకుతో పింఛను కాగితం ఆరు నెలలు బీరువాలో పెట్టుకుంది మా పిన్ని. ఆవిడకు టైమరు ఇస్తే ఏం లాభం? డిగ్రీ చదివే మనవణ్ణి పక్కన కూర్చోబెడితే ఒక్క పూటలో అయిపోయింది.

తోడు ఎంత దూరం తీసుకెళుతుందో చెప్పడానికి మా ఊళ్ళోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఇక్కడికి బడిపంతులుగా వచ్చారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి లిపి లేదు, పుస్తకం లేదు, గురువు లేడు. పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడమంటే అదే. ఆయన చేసిన మొదటి పని, సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకుని మాట మాటా అడిగి తెలుసుకోవడం. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వ్యాకరణం రాద్దామని ఖాళీ కాగితం ముందు కూర్చుని ఉంటే ఏమయ్యేదో గానీ, ఎదురుగా మనిషి కూర్చుంటే ఏదో ఒక మాట అడగక తప్పదు కదా.

తోడు పనిచేసేది అందుకే. తోడు వచ్చినవాళ్ళేమీ మీ పని చేసిపెట్టక్కర్లేదు. మీరు లేచి వెళ్ళిపోకుండా ఉంటే చాలు. ఇప్పుడు పిల్లలు వీడియో కాల్ పెట్టుకుని ఎవరి చదువు వాళ్ళు మౌనంగా చదువుకుంటున్నారు, అదీ ఇదే.

చెడేది ఎక్కడంటే మనిషిని ఎంచుకోవడంలో. కబుర్లపోగును పిలిస్తే రెండు టీలు, మూడు కుటుంబాల కథలూ అవుతాయి, కాగితం కదలదు. మీకంటే ఎక్కువ నాన్చేవాడైతే ఇద్దరూ కలిసి వాయిదా వేస్తారు. ప్రతిదానికీ సలహా ఇచ్చే బావమరిది కూడా వద్దు. పెద్దగా మాట్లాడని మనిషి, లేదా మీ కంటే చిన్నవాళ్ళు మంచిది. చిన్నవాళ్ళ ముందు సగంలో వదిలేయడానికి సిగ్గేస్తుంది.

పందెం, గడువు, దొంగదారి

తనకు తాను గడువు పెట్టుకోవడం నా దగ్గర ఎప్పుడూ పనిచేయలేదు. పెట్టిందీ నేనే, పొడిగించేదీ నేనే. డబ్బు పెట్టి పందెం కాస్తే కాస్త గట్టిగా ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో సిగరెట్టు మానాలనుకున్నవాళ్ళ చేత బ్యాంకులో సొంత డబ్బు వేయించారు. ఆరు నెలల తర్వాత పరీక్షలో నెగ్గితే డబ్బు తిరిగొస్తుంది, ఓడితే పోతుంది. 2010లో వచ్చిన ఆ పరిశోధనలో, అలాంటి ఖాతా తెరుస్తారా అని అడిగినవాళ్ళలో మానినవాళ్ళు మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువే ఉన్నారు. కాకపోతే అడిగిన ప్రతి పదిమందిలో ఇంచుమించు ఒక్కరే ఒప్పుకున్నారు. నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే. ఈ మందు పనిచేస్తుంది గానీ రోగి నోరు తెరవడు. మీరు ఆ ఒక్కరైతే, ఐదొందలు మీ వదిన చేతిలో పెట్టి తేదీ చెప్పండి. స్నేహితుడి చేతిలో పెట్టకండి, పాపం అనుకుని తిరిగిచ్చేస్తాడు.

దొంగదారి ఒకటుంది, చెప్పకపోతే తప్పవుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పిన జాన్ పెర్రీ 1996లో ఒక సరదా వ్యాసం రాశారు. పెద్ద పని తప్పించుకోవడానికి మనం మిగతా పనులు చకచకా చేస్తాం కదా, ఆ గుణాన్నే వాడుకోమంటారు. జాబితాలో అన్నిటికంటే పైన, చాలా ముఖ్యంగా కనిపించే పని ఒకటి పెట్టుకుంటే, దాన్ని ఎగ్గొట్టే నెపంతో కిందవన్నీ అయిపోతాయట. దీనికి ఆయనకు 2011లో ఇగ్ నోబెల్ వచ్చింది, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే బహుమతి. నాలుగేళ్ళు నేను పట్టా తప్పించుకుంటూ చేసిన పనులు చూస్తే పెర్రీ గారు మెచ్చుకునేవారు. షాపుకు రంగులు వేయించాను, పాత బిల్లులన్నీ ఏడాదులవారీగా కట్టలు కట్టాను. ఇంటిపని, రాత పని చేసుకునేవాళ్ళకు ఇది బాగానే ఉంటుంది. పైనున్న పనికి నిజమైన ఆఖరి తేదీ ఉంటే మాత్రం వద్దు, ఆ తేదీ సర్వరులో ఉంటుంది, మన జాబితాలో కాదు.

ఫోను యాప్‌ల గురించి ఒక్క మాట. ఫోను తాళం వేసేవి కొన్ని బాగున్నాయి. యాప్ ఎంచుకోవడమే వారం రోజుల పనైతే ఆ యాపే కొత్త వాయిదా.

తిట్టుకోవడం అందరూ వాడే పద్ధతి కాబట్టి దాన్నీ పోలికలో పెట్టాలి. కెనడాలోని కార్లెటన్ యూనివర్సిటీ విద్యార్థుల మీద 2010లో వచ్చిన పరిశోధన ఒకటి ఉంది. మొదటి పరీక్షకు చదవకుండా నాన్చినవాళ్ళలో, పోనీలే అని తమను తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకు తక్కువగా నాన్చారు. మా ఇంట్లో ఇది తెలియక నాలుగేళ్ళు తిట్లతోనే నెట్టుకొచ్చారు. ఒక్కొక్క తిట్టుకూ ఆ పని ఇంకొంచెం బరువెక్కింది.

అన్ని పనులూ, ఇష్టమైనవి కూడా, నెలల తరబడి ఆగిపోతుంటే, నిద్ర, ఆకలి తప్పుతుంటే ఉపాయాలతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించుకోండి.

నా పట్టా ఎలా కదిలింది

నేను షాపులో అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ పని మొదలవ్వాలంటే మీ చేతులు మొదట ఏం చేయాలి? ‘అప్లై చేయాలి’ అన్నది జవాబు కాదు. ‘ఫోటో దిగాలి’, ‘అన్నయ్యకు ఫోను చేయాలి’ అన్నది జవాబు. చేతులు చేసే పని చెప్పలేకపోతే ఏ పద్ధతీ ఎంచుకోవద్దు, ముందు అది కనుక్కోండి. తికమకగా ఉన్న పనుల్లో సగం అక్కడే కదులుతాయి. కొమ్ము బొమ్మల పెద్దాయనకు కావలసింది ఫారం నింపడం కాదు, తన బొమ్మలు మూడు ఫోటోలు తీసేవాళ్ళు. అది తేలడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఈ ప్రశ్న నాకు నేను వేసుకోవడానికి మాత్రం నాలుగేళ్ళు పట్టింది. వేసుకుంటే వచ్చిన జవాబు: నాన్న ట్రంకు పెట్టె తాళంచెవి అమ్మను అడగాలి. పాత పట్టా అందులోనే ఉంది. తహసీల్ ఆఫీసు గురించి, ఒడియా రాత గురించి నేను చెప్పుకున్నవన్నీ సాకులే. రోజూ ఇతరుల దరఖాస్తులు పెట్టేవాడికి అందులో భయమేముంది? ఆ పెట్టె తీయడమే నాకు కష్టం. నాన్న కళ్ళజోడు, పంచె, బీడీల డబ్బా అన్నీ అందులో ఉన్నాయి.

సంక్రాంతికి పాతపట్నం నుంచి అక్క వచ్చింది. “నువ్వు తియ్యొద్దులేరా, నేను తీస్తాను, నువ్వు పక్కన కూర్చో” అంది. కూర్చున్నాను. కళ్ళజోడు అమ్మ తీసుకుంది. పట్టా అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉంది. మర్నాడు షాపులో, అగరొత్తి వెలిగించగానే, మొదటి దరఖాస్తు మాదే పెట్టాను.

విసుగు పనికి టైమరు, మరచిపోయే పనికి ముడి, తికమక పనికి చేతుల ప్రశ్న, భయం ఉన్నా దుఃఖం ఉన్నా తోడు. ఇది నా ఎంపిక, మీ అనుభవం వేరే చెబితే అదే నమ్మండి.

ఇదంతా చదివేసరికే మీ ఆఖరి తేదీ ఈవేళ అయిపోయిందా? అయితే పద్ధతి ఎంచుకునే వ్యవధి లేదు. ఆధార్‌కు లింకైన ఫోను ఇంట్లో వదిలి రావద్దు, ఓటీపీ దానికే వస్తుంది. ఒరిజినల్స్ తీసుకురండి, పాత జిరాక్సు మీద జిరాక్సు తీస్తే అక్షరాలు కనబడవు. ఫోటో ఈమధ్య దిగింది తెండి, పెళ్ళినాటిది వద్దు. ఫీజుకు డబ్బు ఖాతాలో ఉందో లేదో దారిలోనే చూసుకోండి. రాత్రయ్యేకొద్దీ సర్వరు మొరాయిస్తుంది. ఆఖరి తేదీ ఉన్న రోజుల్లో తొమ్మిది దాటాక కూడా షట్టరు సగం దించి లోపలే ఉంటాను, వంగి రండి.